“దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి”: 1917 అమెరికాకు ఈ పద్యం నప్పుతుందా?

ప్రశ్న:
తిక్కన ఉద్యోగపర్వంలో, కృష్ణరాయబారంలో ఉన్న పద్యం ఇది.

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్య శుభదాయక మయ్యును దైవ ముండెడిన్

తటస్థంగా ఉన్న దేశం పరాయి యుద్ధంలోకి దిగినప్పుడు సమర్థనగా దీన్ని ఎత్తుకోవచ్చా? 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగడానికి ఇదే కారణమని రాస్తే సరిపోతుందా?

జవాబు:
ముందు అన్వయం చూడండి. ధర్మం పాపంచేత, సత్యం అబద్ధంచేత గట్టెక్కలేక చెడిపోతున్నప్పుడు, ఆపగలిగే సత్తా ఉండీ ఊరుకుంటే అది ఊరుకున్నవాళ్ళకే చేటు. ధర్మాన్ని గట్టెక్కించడానికి దైవం ఎలాగూ ఉంది. ఈ మాట కృష్ణుడు చెబుతున్నది కౌరవసభలో కూర్చున్న పెద్దలకి. వాళ్ళు గట్టున నిలబడ్డవాళ్ళు కారు, ఆ ఇంటివాళ్ళే. భారతంలో అసలు తటస్థుడు తీర్థయాత్రకు వెళ్ళిపోయిన బలరాముడు. ఆయన్ని ఈ పద్యం వేలెత్తి చూపదు. కాబట్టి ఇక్కడి ఉపేక్షను తటస్థతకు పర్యాయపదంగా వాడకూడదు.

ఇంకో జవాబు:
రాజనీతిలో ఉపేక్షకు ఈ నింద లేదండి. కౌటిల్యుడు షాడ్గుణ్యం, అంటే రాజు పరరాజ్యాలతో వాడే ఆరు ఉపాయాలు చెబుతూ “ఉపేక్షణమాసనం” అన్నాడు, ఊరుకోవడమే ఆసనం అని. ఆసనం ఎప్పుడు పట్టాలో కూడా చెప్పాడు: “న మాం పరో నాహం పరముపహంతుం శక్త ఇత్యాసీత”. శత్రువు నన్ను దెబ్బతీయలేడు, నేనూ వాణ్ణి దెబ్బతీయలేను అనుకున్నప్పుడు కదలకుండా కూర్చోవాలి. తన వృద్ధి కోసం కూర్చోవడాన్నే ప్రత్యేకించి ఆసనం అన్నాడు.

1914 నుంచి అమెరికా చేసింది అచ్చంగా ఇదే. మధ్యలో మహాసముద్రం, పైగా జోరుగా వ్యాపారం. ఆ షరతులో మొదటి సగం 1917 మొదట్లో రెండు దెబ్బలకు కూలింది. జర్మనీ ఫిబ్రవరి 1 నుంచి తటస్థ దేశాల ఓడల్ని కూడా జలాంతర్గాములతో ముంచుతామంది. నెలకు 6 లక్షల టన్నుల ఓడలు ముంచితే 5 నెలల్లో బ్రిటన్ లొంగుతుందని, అమెరికా సైన్యం వచ్చేలోపే అంతా తేలిపోతుందని వాళ్ళ నౌకాదళం లెక్క. రెండోది జర్మనీ విదేశాంగమంత్రి జిమ్మర్‌మన్ తంతి. అమెరికాతో యుద్ధమే వస్తే తమతో కలవమని, టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనా తిరిగి దక్కించుకోవచ్చని మెక్సికోకి జర్మనీ ఆశ చూపింది. బ్రిటన్ ఆ సంకేతాన్ని ఛేదించి అమెరికా చేతిలో పెట్టింది. మార్చి 1న పత్రికల్లో వచ్చింది. బూటకమని కొట్టిపారేద్దామనుకున్నవాళ్ళకు దారి లేకుండా, అది తనదేనని జిమ్మర్‌మనే ఒప్పుకున్నాడు.

అనుబంధ ప్రశ్న:
మరి లూసిటానియా సంగతి? దానివల్లే దిగారని చాలాచోట్ల చదువుతాం.

జవాబు:
తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. ఆ బ్రిటిష్ ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచింది 1915 మే 7న. పోయిన 1,198 మందిలో 128 మంది అమెరికన్లు. అయినా అమెరికా అధ్యక్షుడు విల్సన్ ఘాటైన లేఖలతోనే సరిపెట్టాడు. 1916 మేలో జర్మనీ వెనక్కి తగ్గి, హెచ్చరిక లేకుండా ఓడల్ని ముంచబోమని మాట ఇచ్చింది కాబట్టి ఆసనం నిలిచింది. ఆ మాట తప్పాకే సంబంధాలు తెగాయి. మార్చి మధ్యలో మరో మూడు అమెరికన్ ఓడలు పోయాక మంత్రివర్గమంతా యుద్ధమే అంది. బ్రిటన్ పక్షానికి అప్పులిచ్చిన బ్యాంకులే లాక్కెళ్ళాయన్న వాదనకూ ఒక చిక్కుంది: 1916 నవంబరులో హామీ లేని విదేశీ అప్పుల విషయంలో జాగ్రత్త అని బ్యాంకుల్ని హెచ్చరించింది అమెరికా బ్యాంకుల్ని అజమాయిషీ చేసే ఫెడరల్ రిజర్వ్ బోర్డే.

మొదటి జవాబు రాసినవారు:
అయితే పద్యానికి చోటు లేకపోలేదు. ఏప్రిల్ 2న కాంగ్రెసు ముందు విల్సన్ చేసిన ప్రసంగం దగ్గర పెట్టండి. ప్రపంచశాంతి, ప్రజల స్వేచ్ఛ పణంగా ఉన్నప్పుడు తటస్థంగా ఉండటం ఇక కుదరదు, కోరదగిందీ కాదు అన్నాడాయన. తిక్కన ధోరణికి అది దగ్గరే. సెనేట్ 82–6తో, దిగువసభ 373–50తో ఆమోదించి, ఏప్రిల్ 6న యుద్ధంలోకి దిగారు. కారణాల పేరాలో మాత్రం పద్యం వద్దు. ధర్మరక్షణే కారణమైతే జర్మనీ జట్టు మొత్తం మీదా అదే రోజు యుద్ధం ప్రకటించాలి కదా! ఆస్ట్రియా-హంగరీ మీద డిసెంబరు 7 దాకా ప్రకటించలేదు. టర్కీ, బల్గేరియాల మీద అసలు ప్రకటించనే లేదు.