అప్‌డేట్: సౌత్ సూడాన్‌లో ఉన్న మా తమ్ముడి రెండో ఉద్యోగం సంగతి

మా తమ్ముడు ఆర్మీ హవల్దార్, ఐరాస శాంతి దళంతో సౌత్ సూడాన్‌లో ఉన్నాడు, వచ్చే ఏడాది డిశ్చార్జి, తర్వాత ఏం చేయాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

వాడు అక్కడ, పనులు ఇక్కడ. అందుకే గుంటూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి నేనే వెళ్లాను. చాలా ఓపిగ్గా చెప్పారు. పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేస్తే, డిగ్రీ అడిగే కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సీ (క్లర్కు స్థాయి) పోస్టులకు కూడా అర్హుడేనట (టెక్నికల్ అనుభవం తప్పనిసరి అన్నవి కాకుండా). డిశ్చార్జికి ఏడాది ఉందనగానే అప్లై చేసుకోవచ్చు. ప్రభుత్వ బ్యాంకు క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకు 14.5 శాతం కోటా. ఇది విన్నాక అమ్మకి సగం టెన్షన్ పోయింది.

మీరన్నట్టే రెజ్యూమేలో ర్యాంకు బదులు పని రాయించాం: బండ్ల మెయింటెనెన్స్, స్పేర్ పార్టుల స్టోర్, కింద పనిచేసిన మనుషులు. యూనిట్ వివరాలు మాత్రం రాయలేదు, అవి బయటపెట్టకూడదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక సంస్థ వాడితో వీడియో కాల్‌లో మాట్లాడింది. సౌత్ సూడాన్ టైం మనకన్నా మూడున్నర గంటలు వెనక, పైగా నెట్ దేవుడి దయ! జీతం మాట ఇంకా తేలలేదు.

వాడి మనసు బ్యాంకు మీదే ఉంది. ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటాలో క్లర్కు పరీక్ష రాసినవాళ్లుంటే, లెక్కలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.