కల్లు మానేశాక వణుకు ఎందుకు?

ప్రశ్న (కర్నూలు జిల్లా):
మా మామగారు రోజూ కల్లు తాగేవారు. దుకాణం మూతపడిన రెండో రోజు నుంచి చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, గోడ మీద ఎవరో ఉన్నారంటున్నారు. మానేస్తే మేలే జరగాలి కదా?

జవాబు 1:
అన్నా, మత్తు కోసం ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలిపిన కల్లుకు అలవాటుపడిన మెదడు, అవి ఒక్కసారిగా అందకపోతే అదుపు తప్పుతుంది. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేసి కర్నూలు సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జవాబు 2:
దయచేసి మళ్లీ ఆ కల్లే తాగించకండి. ఏ సీసాలో ఎంత నిద్రమందు కలిపారో తెలియదు గనుక ఊపిరే మందగించవచ్చు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనివ్వడమూ అంతే ప్రమాదం. పరువుకు జంకకుండా కల్లు సంగతి డాక్టరుకు చెబితే, తామిచ్చే మందుల మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

ప్రశ్న అడిగినవారు:
108 వచ్చింది, బయలుదేరుతున్నాం.