ఒపేరా నడకలో ఎలక్ట్రానిక్ పీసు, అన్నీ రికార్డు చేసిన శబ్దాలే: నాలుగు చోట్ల ఇరుక్కున్నాం

కీచుగేటు

నమస్తే. ముగ్గురం ఎవరి ఊళ్లో వాళ్లం ఉండి 12 నిమిషాల పీసు ఒకటి కడుతున్నాం. నడక ఒపేరాది: ఓవర్చర్ (ఆరంభ వాద్యసంగీతం), రెసిటటివ్ (మాట్లాడినట్టు పాడేది), ఏరియా (ఒక్కరే పాడే పాట), కోరస్ (బృందగానం). సింథ్ (సింథసైజర్) ముట్టకూడదని మాలో మేం పెట్టుకున్న నియమం. చేతిలో ఉన్నవి ఇనప గేటు కీచు, తడివేలితో గాజు గ్లాసు అంచు రుద్దిన మోత, రైలు బ్రేకు, టేబుల్ ఫ్యాను రొద, ఒక సొప్రానో (హెచ్చు ఆడగొంతు) గాయని పాడిన ‘ఆ’, ‘ఓ’ దీర్ఘాలు.

గాయని గొంతుని ఆక్టేవ్ (ఒక స్థాయి) దించినా, సాగదీసినా తాగి పాడుతున్నట్టు ఊగుతోంది. గేటుని టెనర్‌లా (హెచ్చు మగగొంతులా) పాడిద్దామనుకున్నాం, శ్రుతి ఎంత మార్చినా గేటు గేటులాగే ఉంది. రికార్డింగు సాఫ్ట్‌వేర్ ఒకరిది రీపర్, ఒకరిది ఏబుల్టన్ లైవ్, ఒకరిది లాజిక్. ఫైళ్లు చేతులు మారేసరికి తాళం తప్పుతోంది, ఒక్కోసారి శ్రుతి కూడా పైకి పోతోంది. ఇవి చాలవన్నట్టు, పాత ఒపేరా రికార్డుల్లోంచి రెండు మూడు ముక్కలు కోసి వాడదామని మాలో ఒకరి పట్టు. వాడొచ్చా?

గ్రెయిన్‌పిండి

ఊగుడికి మూలం వైబ్రాటో, అంటే గొంతులో శ్రుతి కంపనం. ఒపేరా గొంతు సెకనుకి సుమారు 5.5 నుంచి 6.5 సార్లు కంపిస్తుంది. టేపు నెమ్మదించినట్టు ఆక్టేవ్ దించితే ఆ 6 కాస్తా 3 అవుతుంది. శ్రుతి కదలకుండా రెట్టింపు నిడివికి సాగదీసినా అంతే. సెకనుకి మూడు అనేసరికి చెవికి శ్రుతి జారుతున్నట్టే ఉంటుంది. ప్లగిన్ మార్చి లాభం లేదు, కంపనం ఫైల్లోనే ఉంది.

వీలైతే ఆవిడ చేత వైబ్రాటో లేకుండా మళ్లీ పాడించండి. సి4 నుంచి సి6 దాకా (రెండు ఆక్టేవ్‌లు) మూడేసి సెమిటోన్లకి (ఆక్టేవ్‌లో పన్నెండో వంతు) ఒక స్వరం చొప్పున తొమ్మిది చాలు. మధ్యలో వచ్చే ఏ స్వరమైనా ఒక్క సెమిటోన్ జరిపితే దొరుకుతుంది. ఒక్కోటి 8–10 సెకన్లు, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. మైకు మీటరు దూరంలో పెట్టి, ముందు ఆవిడ చేత అన్నిటికన్నా గట్టి స్వరం పాడించి గెయిన్ (రికార్డింగు మోతాదు) కట్టండి, శిఖరం మైనస్ 12 డీబీ దాటకూడదు. కింది స్వరాలకి గెయిన్ కడితే సి6 దగ్గర చీలిపోతుంది. వైబ్రాటో తర్వాత మీరే వేయండి: 5.8 హెర్ట్జ్, అటూ ఇటూ 50 సెంట్లు (అర సెమిటోన్), స్వరం మొదలైన 300 మిల్లీసెకన్లకి మెల్లగా పైకి తేలేలా. మొదటి క్షణం నుంచీ వణికిందంటే యంత్రమని పట్టేస్తారు.

మళ్లీ పాడించడం కుదరకపోతే గ్రాన్యులర్, అంటే శబ్దాన్ని గ్రెయిన్లనే చిన్న ముక్కలుగా కోసి మళ్లీ పేర్చడం. 80 మిల్లీసెకన్ల గ్రెయిన్లు తీసుకుని, చదివే చోటుని ఒక పూర్తి కంపనం వెడల్పులో, అంటే 170 మిల్లీసెకన్లలో, ఇష్టమొచ్చినట్టు గెంతనివ్వండి. ఊగుడు కరిగిపోయి పదిమంది ఒకేసారి పాడినట్టు మసకగా వస్తుంది. కోరస్‌కి బ్రహ్మాండం, ఏరియాకి పనికిరాదు.

ఇక గేటు. శ్రుతి మార్చినంత మాత్రాన ఏదీ పాడదు, దానికి నోరు పెట్టాలి. టెనర్ ‘ఆ’ కోసం ఐదు బ్యాండ్‌పాస్ (ఒక్క పట్టీని మాత్రమే వదిలే) ఫిల్టర్లు: 650, 1080, 2650, 2900, 3250 హెర్ట్జ్. వెడల్పులు వరసగా 80, 90, 120, 130, 140. మోతాదులు 0, −6, −7, −8, −22 డీబీ. ఇవి సీసౌండ్ (శబ్దాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మాన్యువల్ పట్టికలోని అంకెలే. పై మూడూ 3 కిలోహెర్ట్జ్ చుట్టూ గుంపుగా ఉన్నాయి చూశారా, ఆర్కెస్ట్రాని దాటి గొంతు వినిపించేది ఆ గుంపు వల్లే. దాన్ని తగ్గించారంటే మామూలు మనిషి ‘ఆ’ అన్నట్టుంటుంది, ఒపేరా కాదు. ఐదింటినీ పక్కపక్కన పెట్టి కలపాలి. ఒకదాని తర్వాత ఒకటి వరసలో పెడితే ఒకటి వదిలింది రెండోది మింగేసి, చివరికి ఏమీ మిగలదు. ‘ఓ’కి 400, 800, 2600, 2800, 3000. ఆ నుంచి ఓకి 200 మిల్లీసెకన్లలో జార్చండి, గేటు నోరు మూస్తున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది.

ఫిల్టర్లకి ముందు ఇంకో పని ఉంది. కీచు సాధారణంగా ఎక్కడో 1–2 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, దాని కింద ఫిల్టర్లకి అందే సరుకే ఉండదు. టేపు పద్ధతిలో రెండు ఆక్టేవ్‌లు దించి టెనర్ పరిధిలోకి, 131–523 హెర్ట్జ్ మధ్యకి తెచ్చాకే ఫిల్టర్. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకి 48,000 శాంపిళ్లు) రికార్డు చేసినదాన్ని అంత దించితే 6 కిలోహెర్ట్జ్ పైన ఖాళీ, దుప్పటి కప్పినట్టుంటుంది. గేటుని మళ్లీ 96లో తీయండి. కాంటాక్ట్ మైకు (వస్తువుకే అంటించేది) వాడితే అది 1 మెగోమ్ ఇన్‌పుట్‌లోకే వెళ్లాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే కింది శబ్దమంతా పోయి రేకు చప్పుడు మిగులుతుంది.

గాజు గ్లాసుని మాత్రం వదిలేయండి. దానిలో దాదాపు ఒక్కటే పౌనఃపున్యం, నోరు పెట్టడానికి ఏమీ లేదు. తంబురాలా శ్రుతిగా నిలపండి.

నలభైఎనిమిది

ఫైళ్ల సంగతి. శ్రుతి పైకి పోతోందంటే 44.1 కిలోహెర్ట్జ్‌లో తీసిన ఫైలుని ఎవరి సెషనో 48 అనుకుని చదువుతోంది. తేడా సుమారు ఒకటిన్నర సెమిటోన్, మీ 12 నిమిషాలు 11 నిమిషాల 1 సెకనుకే అయిపోతాయి. మాటామంతీ లేకుండా అందరూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్. గ్రెయిన్‌పిండి గారు చెప్పిన 96 ఫైళ్లు ముడిసరుకు, దించడం అయ్యాక 48కి మార్చి పంపండి.

తాళం తప్పడానికి ఇద్దరు ముద్దాయిలు. ఆటో వార్ప్ ఆన్‌లో ఉంటే ఏబుల్టన్ లైవ్ పొడుగు ఫైలు పడగానే తనంతట తనే వార్ప్ చేసేస్తుంది, అంటే తన టెంపోకి సరిపోయేలా సాగదీసేస్తుంది. సెట్టింగ్స్‌లో (పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్) ఆటో వార్ప్ ఆపండి, వచ్చిన ప్రతి స్టెమ్ (ఒక్కో భాగం విడి ఫైలు) మీదా వార్ప్ బటన్ ఆరిందో లేదో చూడండి. రెండోది ఎమ్‌పీ3. వాట్సాప్‌లో తేలిగ్గా పంపొచ్చని దాంట్లో పెడితే ముందు సుమారు 25 మిల్లీసెకన్ల నిశ్శబ్దం చేరుతుంది, లూపులో ప్రతి చుట్టుకీ గండి. వినడానికి పంపుకోండి, సెషన్‌లోకి రానివ్వకండి.

ప్రతి స్టెమ్ సున్నా దగ్గరే మొదలవ్వాలి, తన శబ్దం ఏడో నిమిషంలో వచ్చినా సరే. టెంపో మ్యాపుని (ఎక్కడ ఎంత వేగమో చెప్పేది) మిడి ఫైలుగా పంచుకోండి. రెసిటటివ్‌కి గ్రిడ్ వద్దు, నిమిషం:సెకను లెక్కన మార్కర్లు చాలు. మాటల నడకని బార్లలో ఇరికిస్తే రెసిటటివ్ చచ్చిపోతుంది.

రివర్బ్ (హాలు మారుమోత) ఒక్కరి దగ్గరే ఉండాలి, మిగతా ఇద్దరూ పొడిగా పంపాలి. ముగ్గురూ మూడు హాళ్లు వేసి పంపితే బురద. కన్వల్యూషన్‌కి (నిజమైన హాలు మోతని అద్దే రివర్బ్) ఒపేరా హాలు ఇంపల్స్ (ఆ మోత రికార్డు) తీసుకుంటే మోత 1.2–1.6 సెకన్లు నిలిచేది చూడండి, సింఫనీ హాళ్లలో 2 సెకన్లు మామూలే గానీ అందులో మాట తెలియదు. గొంతుకి 30 మిల్లీసెకన్ల ప్రీడిలే (రివర్బ్ మొదలయ్యే ముందు ఆలస్యం), రివర్బ్ బస్ (రివర్బ్‌కి వెళ్లే ట్రాకు) మీద 200 హెర్ట్జ్ కింద కోత. ఫ్యాను రొదని ఆ బస్‌కి పంపొద్దు.

కీచుగేటు

చాలా సంతోషం అండీ. లైవ్‌లో వార్ప్ ఆన్‌లోనే ఉంది, ఆ స్టెమ్ సంగతి తేలిపోయింది. రికార్డుల హక్కులు, రైలు బ్రేకు మిగిలాయి. బ్రేకుని ఎక్కడ పెట్టినా మిగతావన్నీ మునిగిపోతున్నాయి.

మూడో అంకం

పాటకి ఒక హక్కు, రికార్డుకి వేరే హక్కు. వెర్డీ 1901లో, పుచ్చినీ 1924లో పోయారు, వాళ్ల స్వరరచన చాలా దేశాల్లో స్వేచ్ఛగా దొరికేదే. 1975లో ఎవరో పాడిన రికార్డు అలా కాదు. అమెరికాలో 1923కి ముందు విడుదలైన రికార్డులు 2022 జనవరి 1న హక్కుల నుంచి బయటికొచ్చాయి, ఆ తర్వాతివి విడతలుగా వస్తున్నాయి. ఐరోపా సమాఖ్యలో 1962 దాకా విడుదలైనవాటి హక్కు అయిపోయినట్టే. పీసు ఆన్‌లైన్‌లో పెడితే అన్ని దేశాల్లోనూ వినిపిస్తుంది కదా, అందుకని ఇదంతా తలనొప్పే. ఆ రెండు మూడు పదబంధాలు స్కోరు చూసి మీ గాయని చేతే పాడించండి. కోసి, వంచి, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని ఆవిడ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, ముగ్గురి పేర్లూ అందులో ఉండాలి. క్రియేటివ్ కామన్స్ (ముందే అనుమతి ఇచ్చిన లైసెన్సు) శబ్దాలు కలిపేట్టయితే ఎన్‌డీ (మార్చకూడదు) ఉన్నవాటిని కోయనే కూడదు, ఎన్‌సీ (వ్యాపారానికి కాదు) ఒక్కటి పడినా పీసు మొత్తం అమ్మకానికి పనికిరాదు.

రైలు బ్రేకు ముంచేస్తోందంటే దానికి పాత్ర లేదన్నమాట. ఒక్కో శబ్దానికి ఒక పాత్ర, ఒక పరిధి రాసి పెట్టుకోండి. గేటు టెనర్, గాజు శ్రుతి, ఫ్యాను రొద ఆర్కెస్ట్రా. బ్రేకుని మూడు ఆక్టేవ్‌లు దించి బాస్‌గా, 82–330 హెర్ట్జ్ మధ్య నిలబెట్టండి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దాకా 6 డీబీ తీసేయండి, ఆ చోటు గొంతులది. అసలు రూపంలో బ్రేకు వినిపించేది ఒక్కసారే, అదీ రెసిటటివ్ అయిపోయే చోట. రైలు శబ్దాలతో ఫ్రెంచ్ స్వరకర్త పియర్ షాఫేర్ 1948లోనే పీసు కట్టాడు, ఎక్కువసార్లు వాడితే తెలిసిన చెవులన్నీ అటే పోతాయి.

ఏరియాలో ఒకేసారి నాలుగు ట్రాకులు మించనివ్వకండి. మీ ముగ్గురిలో ఎవరికీ అది నచ్చదు, తలా ఒకటి కలపాలనిపిస్తుంది. అందుకే ఏరియా ఫైలు తాళంచెవి ఒక్కరి చేతికే ఇవ్వండి, మిగతా ఇద్దరూ సూచనలు రాసి పంపాలి గానీ ట్రాకులు కాదు. కోరస్‌లో ఎంతమంది కావాలంటే అంతమంది దూరొచ్చు.