బైపోలార్ ఉండి రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా: నిద్ర ఎలా?

ప్రశ్న (ఆకివీడు వైపు నుంచి):

నమస్తే అండి. నాకు బైపోలార్ ఉంది, అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు దిగులు వచ్చే మానసిక జబ్బు. దానికి లిథియం మాత్రలు వాడుతున్నాను, మానలేదు. మాకు రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఆ టైములో ఎవరో ఒకరు గట్టు మీద ఉండాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేసి నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పాలి. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అందుకని ఈ పంటకు రాత్రులు నేనే చూస్తున్నాను.

కొద్ది రోజులుగా ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టడం లేదు. నీరసం కూడా లేదు. పొద్దున్నే మంచి హుషారు, మేత డీలర్‌తో ఫోన్లో గంటలకొద్దీ మాటలు, పక్క చెరువు కూడా లీజుకు తీసుకుందామన్న ఆలోచన. సాయంత్రానికి అమ్మ అన్నం తినమన్నా చిరాకు. మర్నాడు ఊరికే ఏడుపొస్తుంది. మెడికల్ షాపులో నిద్రమాత్ర అడుగుదామనుకుంటున్నాను. మీలో ఎవరైనా ఇలాంటి పని చేస్తూ నెట్టుకొస్తున్నారా?

జవాబు (అమలాపురం నుంచి):

తమ్ముడూ, నిద్రమాత్ర కొనకండి, ఈరోజే మీ డాక్టరుకు ఫోన్ చెయ్యండి. నిద్ర లేదు, అయినా అలసట లేదు అన్న ఒక్క ముక్క చెప్పండి, ఆయనకు అర్థమవుతుంది. నిద్ర పట్టక మర్నాడు ఒళ్లు తూలిపోవడం వేరు, అసలు నిద్రే అక్కర్లేదనిపించడం వేరు. ఆ రెండోది మేనియా, అంటే హుషారు అదుపు తప్పే దశ, మొదలవుతోందనడానికి గుర్తు కావచ్చు. హుషారు, చిరాకు, ఏడుపు కలగలిసి రావడం కూడా ఈ జబ్బులో ఉన్నదే. మీ స్వభావం చెడిపోయిందనుకోకండి.

నేను టీచర్ని. నాకూ ఇదే జబ్బు. నాకు గండం సంక్రాంతి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే చుట్టాలతో ఇల్లు నిండిపోతుంది, తెల్లవార్లూ కబుర్లే. ఎవరున్నా నేను పదింటికి పడుకుంటానని అందరికీ చెప్పేశాను. మా అత్తగారు మొదట్లో నొచ్చుకున్నారు. ఇప్పుడు ఆవిడే నా గది పక్కనుంచి చుట్టాలను లేపి వీధి అరుగు మీదికి పంపిస్తారు. రాత్రి ఎలా గడిచినా పొద్దున లేచే టైము మాత్రం మార్చను. గోడ క్యాలెండర్లో ఏ రోజు గడిలో ఆ రోజు నిద్ర ఎంతో, మనసు ఎలా ఉందో రాస్తాను. డాక్టరు దగ్గరకు ఆ కాగితమే పట్టుకెళ్తాను. వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే ఆయనకు ఫోన్ చెయ్యాలన్నది మా ఇంట్లో ఒప్పందం. నేను చెయ్యకపోతే మావారు చేస్తారు, నేను కోప్పడినా సరే.

రాత్రి కాపలా మీరు మానాలి. మనిషిని పెడితే జీతం ఖర్చే, కాదనను. మీరు ఆసుపత్రిలో పడితే పంట ఎవరు చూస్తారు? లీజు కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. నిద్ర కుదురుకున్నాక కూడా ఆ చెరువు మంచిదే అనిపిస్తే అప్పుడు చూద్దురుగాని.

జవాబు (భీమవరం నుంచి, నర్సుని):

గట్టు మీద చెమట కారిపోయి నీళ్లు తాగకపోయినా, విరేచనాలు పట్టుకున్నా రక్తంలో లిథియం పెరుగుతుంది. ఉప్పు ఒక్కసారిగా తగ్గించినా అంతే. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోకండి, అవి కూడా పెంచుతాయి. లిథియం మరీ ఎక్కువైతే ఒంటికి విషమే. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం, వాంతులు కనిపిస్తే తర్వాతి లిథియం మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. లిథియం పరీక్షకు రక్తం, ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. డాక్టరు దొరకని రాత్రి టెలీ మానస్ (మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సాయం) 14416కు చెయ్యండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం గట్టు మీద ఒంటరిగా ఉండొద్దు, ఇంట్లోవాళ్లను లేపండి.

ప్రశ్న అడిగినవారు:

డాక్టరుగారితో మాట్లాడానండి. రేపు పొద్దున్నే రమ్మన్నారు, రక్తపరీక్ష కూడా చెప్పారు. ఈ రాత్రికి బాబాయి కొడుకు కాపలా ఉంటానన్నాడు. కానీ మా ఇల్లు చెరువు పక్కనే. ఏరియేటర్ల చప్పుడు ఆగితే చాలు, నాకు మెలకువ వచ్చేస్తుంది.

జవాబు (అమలాపురం నుంచి):

అయితే ఈ వారం ఊళ్లో చుట్టాలింట్లో పడుకోండి, అమ్మగారిని తోడు తీసుకెళ్లండి. ఫోను నాన్నగారికి ఇచ్చెయ్యండి. కరెంటు పోతే మీ తమ్ముడు ఆయనకే చెప్పాలి, మీకు కాదు.