సమస్య: "ఆఫు కాగ గంట హడలగొట్టె"

ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం. ఆఫయిన గంట నోరు మూయాలి కదా, హడలగొట్టడమేమిటి? ఇంగ్లీషు క్రియ పక్కన ఒక చిన్న మాట చేరితే అర్థం ఎటు తిరుగుతుందో పద్యంలో చూపించండి. ఆ–హ లకు యతి చెల్లుతుంది.

మొదటి పూరణ

ఐదు కాగ నదియె యాఫగు నంచును
ముసుగుదన్ని నిద్ర మునిగినాను
మోగుటనెడి యర్థమునెఱుగకుంటిని
ఆఫు కాగ గంట హడలగొట్టె

హాస్టల్లో చేరిన మొదటి వారం. రూమ్మేట్ "అలారం విల్ గో ఆఫ్ ఎట్ ఫైవ్" అంది. ఐదింటికి ఆగిపోతుందనుకున్నాను. దిండు పక్కనే మోగేసరికి గుండె దడదడలాడింది.

సమీక్ష: విరోధం చక్కగా విడిపోయింది. "అదియె" మాత్రం గణం కోసం వచ్చింది. "ఐదు కొట్టగానె" అనండి, యతికీ ఇబ్బంది లేదు. "నిద్ర మునిగినాను"లో "లో" లోపించింది, మార్చాలి.

రెండో పూరణ

ఫ్యాను కింద నేను పాఠము చదువంగ
మూల యూపియెస్సు మూగవోలె
ఉండె నింతలోన నుసురనె పవరును
ఆఫు కాగ గంట హడలగొట్టె

సమీక్ష: "ఉసురనె పవరును" ఎంత బాగుందో! యూపీఎస్ కూతను గంట అనడం కాస్త లాగినట్టుంది. అయినా రెండు పూరణలూ పక్కపక్కన పెట్టి చూడండి. "లైట్స్ వెంట్ ఆఫ్" అంటే ఆరిపోయాయి, "అలారం వెంట్ ఆఫ్" అంటే మోగింది. బాంబయితే పేలింది. బ్రిటిష్ వాడుకలో పాలయితే పాడయ్యాయి. కర్తను వదిలేసి క్రియను ఒక్కదాన్నే బట్టీ పడితే లాభం లేదు.

ప్రశ్న: మరి గుర్తుండేదెలా? పిల్లలకు చెప్పలేక టెన్షన్ పడుతున్నాను.

జవాబు: ఆఫ్ అంటే మొదట దూరంగా, విడివడి అని. ఆగడమన్నది తర్వాత చేరిన అర్థం. బిగబట్టింది ఒక్కసారిగా విడివడితే మోత, పేలుడు. కరెంటు నుంచి విడివడితే దీపం ఆరుతుంది. పిల్లలకు ముందు మన "దీపం కొండెక్కింది" చెప్పండి. అందులో ఎక్కడం ఉంది, కొండ ఉంది, ఆరడమనే మాటే లేదు. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడ ఆగిపోయినట్టే మనం గో ఆఫ్ దగ్గర ఆగిపోతాం.

మొదటి పూరణకు సవరణ: సూచన తీసుకున్నాను. రెండో పాదం కూడా మార్చాను.

ఐదు కొట్టగానె యాఫగు నంచును
ముసుగుదన్ని పోతి మొద్దునిద్ర
మోగుటనెడి యర్థమునెఱుగకుంటిని
ఆఫు కాగ గంట హడలగొట్టె