వరంగల్ రచయిత పుస్తకం పీడీఎఫ్ గ్రూపుల పెడితే దొంగతనమేనా?

కేయూ స్కాలర్:
మా చదువుల వాట్సాప్ గ్రూపుల మొన్న ఒక తెలుగు కథల పుస్తకం పీడీఎఫ్ పెట్టిన. రాసినామె మన హనుమకొండ ఆమెనే. "ఇది దొంగతనం, తీసెయ్" అని ఒకన్న కోపానికొచ్చిండు. స్కాలర్‌షిప్ ఇంక పడలే, రెండొందల యాభై పెట్టి కొనే స్థితి నాకు లేదు. నిజంగ తప్పు చేసిన్నా?

జిరాక్స్ తమ్ముడు:
తప్పేం లేదన్నా. ఎనిమిదేండ్లు జిరాక్స్ సెంటర్ల పనిచేసిన. పిల్లలు నెలాఖరుల చిల్లర లెక్కపెట్టుకుంట నిలబడితే చూసిన. 2012ల పుస్తకాలేసే పెద్ద కంపెనీలు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ప్రెస్సులు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి, తమ పుస్తకాల పేజీలు కాపీ తీస్తున్నదని ఢిల్లీ యూనివర్సిటీల ఉన్న రామేశ్వరి జిరాక్స్ షాపు మీద కేసేసినయి. 2016 సెప్టెంబర్ల హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. చదువు చెప్పేటందుకు కాపీ తీసుకునే వీలు 1957 కాపీరైట్ చట్టంలనే ఉన్నదన్నది. 2017ల ఆ కంపెనీలే కేసు వాపస్ తీసుకున్నయి. దొరల కాలంల అడవిల కట్టె కొట్టుకున్నోడు దొంగ, ఊరి భూమంత రాయించుకున్నోడు దొర. ఇప్పుడూ గదే లెక్క.

హనుమకొండ చదువరి:
తమ్మీ, కట్టె మాట నిజం. కానీ అది ఎవరి అడవి అన్నది సుత చూడాలె.

పరిశోధన పత్రికల సంగతి తీస్కో. వ్యాసం రాసినోళ్లకు పైస రాదు, దాన్ని పరిశీలించినోళ్లకు సుత సాధారణంగ రాదు. పరిశోధనకు చానా మటుకు ప్రజల పైసలే. మల్ల అదే వ్యాసాన్ని మన లైబ్రరీలు కొనుక్కోవాలె! ఆ పత్రికల చందాలకే 2024 నవంబర్‌ల కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద మూడేండ్లకు 6,000 కోట్లు మంజూరు చేసింది. ఆ వ్యాసాలను పైసలు లేకుంట ఇచ్చే సై-హబ్ అనే వెబ్‌సైట్ మీద, పత్రికలు నడిపే ఎల్సెవియర్, వైలీ అసోంటి కంపెనీలు 2020ల ఢిల్లీ హైకోర్టుకు పోయినయి. సై-హబ్‌లకెళ్లి ఒక పిల్లగాడు వ్యాసం దింపుకుంటే నేను వాణ్ని దొంగ అనను. ఎవరు అడిగినా ఇదే చెప్త.

నువ్వు పెట్టింది అసోంటిది కాదు. ఆ రచయిత్రి ఇంటికి నేను పోయిన. మంచం కింద సుతిలి కట్టిన కట్టలున్నయి, అడుగు కట్టకు చెద పట్టింది. చిట్టీ ఎత్తి ఐదొందల కాపీలు ఏసుకున్నది. షాపాయన కమిషన్ పోవాలె, అమ్మిన పైసలు ఎన్నడొస్తయో తెల్వదు. చౌకగ పోయే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబర్‌ల ఆగిపోయినంక పోస్టు ఖర్చు ఇంకో భారం. కవర్ల మీద అడ్రసులు తనే రాస్తది, జిగురు తనే పెడ్తది. ఆమె ఏ కంపెనీ తమ్మీ? పెట్టుబడి మీద కోపం ఆమె మంచం కింది కట్టల మీద తీర్చుకుంటమా?

జిరాక్స్ తమ్ముడు:
అక్కా, కొనలేనోడు చదవకపోతే ఆమెకు వచ్చేదేంది? పీడీఎఫ్ లేకున్నా వాడు కొనడు గద.

హనుమకొండ చదువరి:
వాడొక్కడైతే నాకు పేచీ లేదు. నా కాపీ ఇస్త, చదివి తెచ్చియ్యమను. కానీ గ్రూపుల ఉన్నది ఎంతమంది? అండ్ల జీతాలొచ్చే లెక్చరర్లు లేరా? చేతిల ఫైలు పడ్డంక కొనగలిగినోడు సుత కొనడు. అట్లని ధర తగ్గియ్యమని ఆమెను అడిగే హక్కు నీకున్నది, లైబ్రరీకి తెప్పియ్యమని కొట్లాడు, నేనొస్త నీ ఎంబడి.

కేయూ స్కాలర్:
అక్కా, గ్రూపుల 312 మంది ఉన్నరు. ఆమె ఏసింది 500 అని మీరు చెప్పేదాక ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడలే. ఇందాకనే తీసేసిన. కానీ అప్పటికే మూడు గ్రూపులకు ఫార్వర్డ్ అయిందట. ఒకదాంట్ల అడ్మిన్‌ను అడిగితే తీసేసిండు. మిగిలిన రెండింట్ల నాకు తెలిసినోళ్లు ఎవ్వరు లేరు. రేపు ఆమెకే ఫోన్ చేసి చెప్త.