మోటార్ న్యూరాన్లలో మెరిసే చుక్కలు: ప్రొటీన్ ముద్దలని తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న:
13 రోజుల ఎలుక పిండాల వెన్నుపాము నుంచి కల్చర్ పెట్టి, జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్) తగిలించిన మ్యూటెంట్ ఎస్ఓడీ1 (మోటార్ న్యూరాన్ల జబ్బు ఏఎల్ఎస్‌తో ముడిపడిన జీ93ఏ మార్పు ఉన్నది) జన్యువును ఎక్కించాం. పెద్ద న్యూరాన్లలో కేంద్రకం పక్కన చుక్కలు కనబడుతున్నాయి. ఎంజీ132 అనే మందు ఇస్తే ఇంకా పెరిగాయి. ముద్దలని చెప్పడానికి ఇది చాలదా?

జవాబు 1:
చాలదండీ. ఎంజీ132 ప్రొటియాజోమ్‌ను, అంటే కణంలో పనికిరాని ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రాంగాన్ని ఆపేస్తుంది. అప్పుడు మ్యుటేషన్ లేని ప్రొటీన్ కూడా కేంద్రకం పక్కన పోగుపడొచ్చు. కాబట్టి మామూలు ఎస్ఓడీ1-జీఎఫ్‌పీ, ఉత్త జీఎఫ్‌పీ, ఈ రెండింటినీ మ్యూటెంట్‌తో సమానమైన స్థాయిలో పక్కన పెట్టి పోల్చాలి. ఎరుపు చానల్‌లోనూ అదే చుక్క మెరిస్తే అది చచ్చిన కణాల తుక్కు కావచ్చు. డాపీ (డీఎన్ఏకు అంటే రంగు) వేసి చూసినప్పుడు కేంద్రకం ముడుచుకుపోయిన కణాలను లెక్కలోకి తీసుకోకండి. ఆ కణం మోటార్ న్యూరానేనని ఎస్ఎంఐ-32 (మోటార్ న్యూరాన్లను గుర్తించడానికి వాడే యాంటీబాడీ)తో చూపించండి, ఎందుకంటే ఈ కల్చర్‌లో గ్లియా (న్యూరాన్లకు తోడుండే కణాలు), ఇతర న్యూరాన్లు కూడా కలిసే ఉంటాయి.

జవాబు 2:
అసలు పరీక్ష డిటర్జెంట్‌తోనే. బతికున్న న్యూరాన్లపై ట్రైటాన్ అనే డిటర్జెంట్ పోస్తే అవి కవర్‌స్లిప్ (అవి పెరిగే పలచని గాజు బిళ్ల) నుంచి లేచిపోతాయి. అందుకని 4% పారాఫార్మాల్డిహైడ్‌లోనే 1% ట్రైటాన్ కలిపి 15 నిమిషాలు ఫిక్స్ చేయండి, అంటే కణాలను ఉన్నవున్నట్టు బిగించండి. కరిగే ప్రొటీన్ చాలావరకు కొట్టుకుపోతుంది, ముద్ద మిగులుతుంది. పోల్చడానికి ట్రైటాన్ లేకుండా ఫిక్స్ చేసిన జోడీ కవర్‌స్లిప్ తప్పనిసరి.

బ్లాట్ (ప్రొటీన్లను జెల్ మీద విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) కోసం 1% ట్రైటాన్ బఫర్‌లో లైసిస్ చేసి, అంటే కణాలను పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 1,00,000 జీ (గురుత్వానికి లక్ష రెట్లు) బలంతో తిప్పండి. అడుగున దిగిన మడ్డిని అదే బఫర్‌తో ఒకసారి కడిగి మళ్లీ తిప్పి, ఆ తర్వాతే 2% ఎస్‌డీఎస్ (మరింత గట్టి డిటర్జెంట్)లో సోనికేట్ చేయాలి, అంటే శబ్ద తరంగాలతో చెదరగొట్టాలి. ఈ కడుగుడు మానేస్తే పైనీళ్లలోని ప్రొటీన్ మడ్డికి అంటుకుని వచ్చేస్తుంది, బ్లాట్ మీద ముద్దలా కనబడి మోసం చేస్తుంది.

జవాబు 3:
పై జవాబుకు ఒక్క చేర్పు. లైసిస్ బఫర్‌లో అయోడోఅసిటమైడ్ (ఖాళీ సిస్టీన్లను మూసేసే రసాయనం) తాజాగా కలిపి వేయండి. ఎస్ఓడీ1లో 6వ, 111వ స్థానాల్లోని సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) ఖాళీగా ఉంటాయి. గాలి తగిలితే ట్యూబులోనే డైసల్ఫైడ్ బంధాలు (రెండు సిస్టీన్ల మధ్య లంకెలు) ఏర్పడి, కణంలో లేని మల్టీమర్లు (కలిసి అతుక్కున్న ప్రొటీన్లు) జెల్ మీద తేలతాయి. అయోడోఅసిటమైడ్ వెలుతురుకు పాడవుతుంది, ట్యూబుకు ఫాయిల్ చుట్టండి. ఇలా తయారైన శాంపిల్‌ను డీటీటీ (డైసల్ఫైడ్ బంధాలను తెంచే రసాయనం) ఉన్న, లేని రెండు వరసల్లోనూ నడపండి. డీటీటీ వేసినప్పుడు మాత్రమే మాయమయ్యే పట్టీలు డైసల్ఫైడ్‌తో ముడిపడినవే.